ఆ అంకె ఏ ఊహ మీద నిలబడింది?

 

పట్టా పుచ్చుకుంటున్న మీలో కొందరైనా త్వరలో కృష్ణా గోదావరి బేసిన్ సైస్మిక్ సెక్షన్ల ముందు కూర్చుంటారు. నదులు కోట్ల ఏళ్లుగా మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు అక్కడ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నాయి. వాటిని చదవడానికి మన ప్రధాన ఆధారాలు రెండు: ఓడ వెనుక లాగే కేబుళ్లు అందుకునే ప్రతిధ్వనులు, బావిలోకి దించిన పరికరాలు గీసే లాగ్‌లు. సైస్మిక్ వందల చదరపు కిలోమీటర్లు చూస్తుంది గాని సన్నని పొర దానికి ఆనదు. తరంగ వేగం సెకనుకు 2,000 మీటర్లు, పౌనఃపున్యం 40 హెర్ట్జ్ ఉన్నచోట 12 మీటర్ల కన్నా పలచని ఇసుక పొర పైఅంచూ కిందిఅంచూ విడివిడిగా తేలవు. లాగ్ సుమారు 15 సెంటీమీటర్లకో కొలత ఇస్తుంది, అయితే బావి గోడ దాటి ఎంతో దూరం చూడలేదు.

ఈ రెంటినీ ముడివేసే వెల్ టైని చిన్నచూపు చూడకండి. సోనిక్, డెన్సిటీ లాగ్‌ల నుంచి కృత్రిమ ట్రేస్ తయారుచేసి సైస్మిక్ పక్కన పెడతాం. కుదరకపోతే కాస్త సాగదీసి కుదిర్చేద్దామనిపిస్తుంది. ముందు బావి వెడల్పు చూపే క్యాలిపర్ లాగ్ తెరవండి. షేల్ విరిగిపడి బావి వెడల్పైన చోట డెన్సిటీ పరికరం రాయికి బదులు డ్రిల్లింగ్ మడ్‌ను కొలిచి ఉండవచ్చు. తర్వాత చెక్‌షాట్ సమయాలు, అంటే ధ్వని బావిలోని ఒక్కో లోతుకు చేరడానికి పట్టిన సమయాలు చూడండి. ఇందాకటి వేగం దగ్గర రానుపోను సమయంలో 10 మిల్లీసెకన్ల తేడా అంటే లోతులో 10 మీటర్లు.

లాగ్ నుంచి తీసిన అంకె కూడా తప్పవచ్చు. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ నౌక ఈ బేసిన్‌లోనే, దాదాపు 1,000 మీటర్ల నీటి అడుగున తవ్వింది. సైట్ 10 అనే చోట సుమారు 130 మీటర్ల మేర హైడ్రేట్ (మంచులా గడ్డకట్టిన నీరు, గ్యాస్) తగిలింది, రెసిస్టివిటీ లాగ్ ఎగబాకింది. ఆ విలువలను, రెసిస్టివిటీ నుంచి రంధ్రాల్లో ఏముందో అంచనా కట్టడానికి మామూలుగా వాడే ఆర్చీ సూత్రంలో వేస్తే రంధ్రాలు చాలావరకు హైడ్రేట్‌తో నిండినట్టు లెక్క తేలింది. పీడనం పోనివ్వకుండా పైకి తెచ్చిన కోర్‌లు మాత్రం అంతకన్నా బాగా తక్కువ చూపాయి. కారణం బావి గోడ చిత్రాల్లో దొరికింది. హైడ్రేట్ మట్టి రేణువుల మధ్య సమంగా పరుచుకోలేదు, ఏటవాలు పగుళ్లలో పలకలుగా గడ్డకట్టింది. అడ్డంగా పారే కరెంటుకు ఆ పలకలు అడ్డుపడ్డాయి. పరికరం సరిగ్గానే కొలిచింది, హైడ్రేట్ అన్ని దిక్కులా ఒకేలా ఉందన్న ఊహే అక్కడ చెల్లలేదు. పగుళ్ల వాలును లెక్కలోకి తెచ్చాక అంకె కోర్‌కు దగ్గరైంది. ఇంత అందమైన దిద్దుబాటు ఈ రంగంలో నాకు మరొకటి కనపడలేదు.

సైస్మిక్‌లోనూ ఊహ ఇలాగే దారి తప్పించగలదు. గ్యాస్ నిండిన ఇసుక బ్రైట్ స్పాట్‌గా, అంటే బలమైన ప్రతిధ్వనిగా మెరుస్తుంది, నీటిలో కొద్దిపాటి గ్యాస్ కలిసినా దాదాపు అంతే మెరుస్తుంది.

మీటింగులో మాత్రం మిమ్మల్ని ఒకే అంకె అడుగుతారు. మీరు పరిధి ఇవ్వండి. వేగం ఏ బావి నుంచి తీసుకున్నారో, లోతు ఎన్ని మీటర్లు అటూఇటూ కావచ్చో మ్యాప్ మీదే రాయండి. మడ్ బరువు ఎంత ఉండాలి, కేసింగ్ ఎక్కడిదాకా దించాలి అన్నది డ్రిల్లింగ్ ఇంజనీర్లు ఆ మ్యాప్ చూసే నిర్ణయిస్తారు. పైపొరల్లో గ్యాస్ తగిలితే ఆ రిగ్ మీద ఉండేది వాళ్లే.