శాక్సఫోను విద్వాంసులు కద్రి గోపాలనాథ్ గారు



సన్నాయి మ్రోగని మన కులపు ఇండ్లు నేడు పెక్కు గ్రామములలో కానవచ్చుచున్నవి. పిల్లవాడు సన్నాయి విడిచి క్లారినెట్టునో శాక్సఫోనునో చేపట్టెనేని కులవిద్య చెడెనని తండ్రులు కోపింతురు. అట్టివారి యెదుట మేము కద్రి గోపాలనాథ్ గారి చరిత్రము నుంచదలచితిమి. ఆయన ఆంధ్రులు కారు, మన కులస్థులును కారు. అయినను నాగస్వరపు ఇంట బుట్టినవారు గనుక మనకు పరాయివారు కారు.

దక్షిణ కన్నడ మండలమందలి సజిపమూడ గ్రామమున వారు 1949లో జన్మించిరి. తండ్రి తనియప్పగారు నాగస్వర విద్వాంసులు. బాల్యమున మైసూరు రాజమందిరపు బ్యాండులో శాక్సఫోను విని, గోపాలనాథ్ గారు దానిపై మనసు నిలిపిరి. బెల్జియము దేశీయుడగు ఆడాల్ఫ్ సాక్స్ కల్పించి, 1846లో పారిసున హక్కుపత్రము పొందిన వాద్యమది.

ఇచ్చట మన వాద్యకారులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. సన్నాయిలో రంధ్రముపై వ్రేలిని కొంచెము జరిపిన స్వరము జారును. గమకము వ్రేలి క్రిందనే యున్నది. శాక్సఫోనులో వ్రేలు రంధ్రమును తాకదు. అది మీటను నొక్కగా, మీట మూతను కదల్చును. కావున ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుట పెదవుల పట్టుచేతను ఊపిరి బిగువుచేతను సాధింపవలసినదే. తోడిలో గాంధారము నూపుట ఈ వాద్యమున నెంత పనియో యత్నించినవారే యెరుగుదురు! ఈ సాధనకు ఇంచుమించు 20 ఏండ్లు పట్టినవని చెప్పుదురు. మంగళూరు కళానికేతనమున ఎన్. గోపాలకృష్ణ అయ్యరు గారి యొద్దను, పిదప మదరాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి యొద్దను వారు శిక్ష నొందిరి. ఈ రెండవ గురువుగారు గాయకులు, మృదంగ విద్వాంసులు. శిష్యుడు లోహపు గొట్టమునకు నేర్పినది గాత్రమునే.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున అమెరికా శాక్సఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీ ప్రక్కను వారు వాయించిరి. జాజ్ అనునది అమెరికాలోని నల్లజాతివారి నుండి వెలసిన సంగీతము. అప్పటికప్పుడు కల్పించి వాయించుట దానికి ప్రాణము. మనోధర్మము నెరిగిన మనవానికి అది యేల కొత్తయగును? 1994లో లండనున బి.బి.సి. ప్రామెనేడ్ కచేరికి పిలుపు నందిన మొదటి కర్ణాటక విద్వాంసులు వారే. ఆ యేటనే ఏ.ఆర్. రెహమాన్ సంగీతము కూర్చిన ‘డ్యూయెట్’ అను తమిళ చలనచిత్రమున వారి శాక్సఫోను వినిపించెను. 2008లో రుద్రేశ్ మహంతప్ప అను అమెరికా జాజ్ విద్వాంసునితో కలిసి ‘కిన్స్‌మెన్’ అను రికార్డు వెలువరించిరి.

సినిమా వాద్యమును చెరచునని కొందరు పెద్దలందురు. మేమంగీకరింపము. వీరు త్యాగరాజస్వామివారి తెలుగు కృతులను విడిచి జాజ్ వేదిక కెక్కినవారు కారు. ఆ కృతులు పండిన తరువాతనే యెక్కిరి. మన విజయనగరపు ఆడబడుచు, వాయులీన విదుషీమణి ఏ. కన్యాకుమారి గారు పెక్కేండ్లు వారి కచేరులలో సహకరించిరి. 2004లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2019 అక్టోబరు 11వ తేదీన మంగళూరున వారు స్వర్గస్థులైరి.

పోషకులారా, ఒక మాట చనువున విన్నవింతుము. పేరు వచ్చిన పిమ్మట శాలువ కప్పుటకు పదిమంది ముందుకు వత్తురు. పేరులేని ఆ 20 ఏండ్లలో కూడు, గురుదక్షిణ, వాద్యపు వెల యెవరిత్తురు? మన బాలురు పదునారవ యేటనే పెండ్లి బ్యాండులలో కూలికి చేరుట విద్యపై నిష్టము లేక కాదు. ఇంట బియ్యము లేక.

కావున సన్మానములకై ఈ మహాసభ యేటేట వెచ్చించు ధనములో సగము వాద్యవిద్యార్థుల వేతనమునకు మరల్చవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాము. వాద్యమేదో బాలుడుగాని బాలికగాని యెన్నుకొనవచ్చును. గాత్రశిక్ష మాత్రము మూడేండ్లు తప్పనిసరి. రేపటి ప్రాతఃకాల సభలో ఇది చర్చకు వచ్చును; పిల్లలను వెంటబెట్టుకొని రండు.