కంటికి హితమైన తెర



వెలుతురు సరిపడని కన్నులు గలవారిలో నేనొకణ్ణి. కార్యాలయంలో క్రొత్త కంప్యూటరు తెర ముందు గంటసేపు కూర్చుంటే తలనొప్పి వచ్చేది. వెలుగు తగ్గించిన కొద్దీ నొప్పి హెచ్చింది! ఉద్యోగమే మానుకోవలసి వస్తుందేమోనని భయపడ్డాను.

కారణం తరువాత తెలిసింది. కొన్ని తెరలు వెలుగును తగ్గించడానికి వెనుకనున్న దీపాలను సెకండుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. వెలుగు ఎంత తగ్గిస్తే, దీపం ఆరియుండే సేపు అంత హెచ్చు. ఈ రెపరెప కంటికి కనబడదు గాని కొందరిని బాధిస్తుంది.

కావున కొనేముందు చిన్న పరీక్ష చేయండి. తెరపై తెల్లని పుట ఉంచి, వెలుగు బాగా తగ్గించి, ఎదుట పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఆడించండి. పెన్సిలు ఒకటి పదిగా, విడివిడిగా కనబడితే ఆ తెర మనకు వద్దు. అలికినట్లు ఏకంగా కనబడితే మంచిది. అద్దంవలె నిగనిగలాడేది గాక, మెరుపులేని తెరనే ఎంచుకోండి. ఇంట దానిని కిటికీకి ప్రక్కవాటుగా ఉంచి, దాని వెలుగును గది వెలుతురుకు సరిపెట్టండి. అప్పటికీ బాధ తగ్గకపోతే కంటి వైద్యునికి చూపించుకొనండి.

దుకాణంలో వెల అడిగేముందు జేబులోని పెన్సిలు బయటికి తీయండని మనవి. సెలవు.