పాలు పోసేవారి పింఛను లెక్క



మన డెల్టాలో ఏడాదంతా ఒకే పనితో గడిచే ఇల్లు అరుదు. పొద్దుటే కేంద్రంలో పాలు పోసి, కొన్నాళ్లు కూలికి, క్రషింగు రోజుల్లో పంచదార ఫ్యాక్టరీకి వెళ్లినవారు మనలో ఉన్నారు. ఇందులో పింఛనుకు లెక్కకొచ్చేది ఏదని మమ్మల్ని అడుగుతుంటారు.

పాల డబ్బు జీతం కాదు గనుక రాదు. ప్రావిడెంట్ ఫండ్ కోత పడిన ఫ్యాక్టరీ పనే వస్తుంది. అయితే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో సీజను పనివారికి ఒక మేలుంది: నాలుగు నెలలే చేసినా ఆ ఏడాది నిండు ఏడాదిగానే జమ! అలా 10 ఏళ్లు నిండితే 58వ ఏట పింఛను.

ఆలోగా గేదె కొందామని పింఛను సొమ్ము తీసుకుంటే ఆ ఏళ్లు పోయినట్లే. మిల్లు మూతపడినా చేసిన ఏళ్లు పోవు. 10సి ఫారంలో సొమ్ముకు బదులు స్కీము సర్టిఫికెట్ కోరండి; వేరే ఫ్యాక్టరీలో చేరినప్పుడు పాత ఏళ్లు కలుపుతారు.