ముక్కు ఒకటే, మాటలే వేరు: స్పానిష్ నుంచి మన రొంప దాకా

శ్రీకూర్మం నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ ముక్కు. అవును, ముక్కే. "ముక్కు గురించి ఎపిసోడ్ ఏంట్రా" అని మా ఫ్రెండ్ నవ్వాడు. చివరి దాకా వినండి, ఇంట్లో పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ పనికొచ్చే విషయం ఇది.

బీటెక్ అయ్యాక కొన్నేళ్లు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీకు తెలుసు. అందులో ఒక ప్రాజెక్ట్ అమెరికా క్లినిక్‌లది. స్పానిష్ మాట్లాడే పేషెంట్లు చెప్పుకున్న బాధల్ని ఇంగ్లిష్‌లోకి మార్చి డాక్టర్ స్క్రీన్ మీద చూపించాలి. మా టీమ్‌కి వచ్చిన భాగం చెవి, ముక్కు, గొంతు. అప్పటికి నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. పదాల లిస్టులు చూస్తూ చూస్తూ కొంత పట్టుబడింది.

మొదట ఆశ్చర్యపోయిన మాట "కోన్‌స్తిపాదో". స్పెయిన్‌లో ఎవరైనా ఆ మాట అంటే, నాకు జలుబు చేసింది అని. ఇంగ్లిష్‌లో దానికి కవల పిల్లలా ఉండే మాట "కాన్‌స్టిపేటెడ్". అంటే మలబద్ధకం! ముక్కు బిగిసిందని చెప్పుకున్న మనిషికి విరేచనం మందు రాసిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండింటికీ మూలం ఒకటే, లాటిన్‌లో కుక్కి బిగించడం అనే మాట. ఒకళ్లు ముక్కు బిగిసింది అనుకున్నారు, ఇంకొకళ్లు పొట్ట. ఇంకో తిరకాసు ఏంటంటే, లాటిన్ అమెరికాలో చాలా చోట్ల అదే స్పానిష్ మాటకి మలబద్ధకం అనే అర్థమే ఉంది. అంటే మాట తెలిస్తే చాలదు, చెప్పే మనిషిది ఏ ఊరో కూడా తెలియాలి.

తర్వాత "సెనో". డాక్టర్ రాస్తే అది సైనస్, అంటే ముక్కు చుట్టూ ఎముకల లోపల ఉండే గాలి గది. మామూలు మాటల్లో అదే పదానికి రొమ్ము అని అర్థం. పక్కన ఏ పదం ఉందో చూడకుండా మార్చే సాఫ్ట్‌వేర్ చేతిలో చెంప నొప్పి కాస్తా ఎక్కడికి పోతుందో మీరే చూడండి. "వెహెతాసియోనెస్" అని ఇంకోటి. చూడ్డానికి చెట్లూ చేమల మాటలా ఉంటుంది. చిన్నపిల్లల ముక్కు వెనకాల పెరిగే అడినాయిడ్స్‌ని అలా అంటారు.

నాకు బాగా నచ్చింది మాత్రం "తబీకే". రెండు ముక్కు రంధ్రాల మధ్య ఉండే అడ్డు. స్పానిష్‌లో ఆ మాటకి అసలు అర్థం గదుల మధ్య కట్టే పల్చటి గోడ. ఇంగ్లిష్‌లో సెప్టమ్ అంటారు, దాని లాటిన్ మూలంలో కంచె ఉంది. మనం ఏమంటాం? ముక్కు దూలం! వాళ్లు గోడ కట్టారు, ఇంకొకళ్లు కంచె వేశారు, మనవాళ్లు దూలం ఎత్తారు. ప్రతి భాష ముక్కుని ఒక ఇల్లులాగే చూసింది.

మన దగ్గరా ఇలాంటి తికమకలు తక్కువేం లేవు. ముక్కులో పెరిగే పాలిప్‌ని ఆయుర్వేదంలో నాసార్శస్సు అంటారు. అర్శస్సు అంటే మొలలు. ఒక్కో ముక్కా విడదీసి మారిస్తే "ముక్కులో మొలలు" అవుతుంది. సుశ్రుత సంహితలో ముక్కు జబ్బులు 31 అని లెక్క ఉంది. పీనసం, ప్రతిశ్యాయం అని ఒక్కోదానికీ పేరు. మనం వాడే మాటలు మాత్రం ఊరిని బట్టి జలుబు, పడిశం, రొంప, తెలంగాణలో సర్ది. అంతే.

మరి డాక్టర్లు ఈ గోల ఎలా తప్పించుకుంటారు? కోడ్స్‌తో. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-10 అనే జాబితాలో జె00 అంటే మామూలు జలుబు, జె32 దీర్ఘకాలం ఉండే సైనసైటిస్, జె33 ముక్కు పాలిప్, జె34.2 వంకర దూలం, ఆర్04.0 ముక్కులోంచి రక్తం. స్పెయిన్‌లో అయినా శ్రీకాకుళంలో అయినా నంబర్ అదే. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే కీ ఒకటే, భాషని బట్టి వాల్యూ మారుతుంది. భలే ఉంది కదా అనిపించింది నాకు కూడా.

కానీ ఆ కోడ్ వేసేది డాక్టర్. ఆయన వేసేది మనం చెప్పిన దాన్ని బట్టి. మొదటి మాట తప్పుగా అందితే చివర ఎంత చక్కటి నంబర్ ఉన్నా లాభం లేదు. 1980లో ఫ్లోరిడాలో జరిగింది ఇదే. 18 ఏళ్ల కుర్రాడు స్పృహ లేకుండా హాస్పిటల్‌కి వచ్చాడు. ఇంట్లోవాళ్లు "ఇంతోక్సికాదో" అన్నారు. తిన్నది ఏదో పడలేదు అని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లు దాన్ని ఇంగ్లిష్ "ఇంటాక్సికేటెడ్" అనుకుని, మత్తుమందు ఎక్కువైంది అని వైద్యం మొదలుపెట్టారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం అతని జీవితకాలానికి దాదాపు 7.1 కోట్ల డాలర్లు అని లెక్క వేశారు. ఒక్క మాటకి!

సరే, అది అమెరికా. మన గార మండలంలో ఏం జరుగుతోంది? ఇక్కడ ఇబ్బంది వేరే రకం. మనకి ఒకే మాటలో పది జబ్బులు దాక్కుంటాయి. ముక్కు కారినా రొంపే, బిగిసినా రొంపే. మా వీధిలో ఒక మామ్మ ఉంది. "ఊపిరాడతం నేదు బావూ, రొంప" అంటుంది. నెలల తరబడి అదే మాట. అడిగితే ఆవిడ సంచిలో ముక్కు చుక్కల సీసా ఉంది. రోజూ నాలుగైదు సార్లు వేసుకుంటోంది.

ఇది బాగా వినండి. మందుల షాపులో "ముక్కు మందు" అంటే రెండు వేరు వేరు మందులు ఉంటాయి. ఒకటి జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ రకం. వేసిన కొన్ని నిమిషాల్లోనే ముక్కు తెరుచుకుంటుంది. కానీ మూడు నుంచి ఐదు రోజులు మించి వాడితే, మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది. మళ్లీ వేస్తాం, మళ్లీ బిగుస్తుంది. అప్పటికి జలుబు పోయి ఉంటుంది, మందే జబ్బు అయి కూర్చుంటుంది. రెండోది ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. ఇది అలర్జీకి రాస్తారు. దీని పూర్తి గుణం తెలియాలంటే వారం, రెండు వారాలు రోజూ వాడాలి. మనవాళ్లు ఏం చేస్తారు? మొదటిదాన్ని నెలలు వాడతారు, రెండోదాన్ని రెండు రోజులు వాడి "ఇది పనిచెయ్యదు" అని పడేస్తారు. రెండింటి పేరూ ముక్కు మందే కదా!

ఇంకా గట్టి విషయాలు. చిన్నపిల్లకి ఒక పక్క ముక్కే కారుతూ, చెడు వాసన వస్తుంటే అది రొంప కాకపోవచ్చు. లోపల చింతపిక్కో, పూసో ఇరుక్కుని ఉండొచ్చు. అదే బొమ్మల్లో వాడే బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాలిపోతుంది, క్షణం ఆగకూడదు. బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలాక, ముందుకి వంగినప్పుడు ఒక పక్క నుంచి నీళ్లలా కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఒక పక్క చెంప నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లగా రావడం, రెండుగా కనిపించడం ఉంటే, 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మనం విన్న బ్లాక్ ఫంగస్ గుర్తు తెచ్చుకోండి. వీటన్నిటినీ ఫోన్‌లో "రొంప" అని కొడితే యాప్ "కోల్డ్" అని చూపించి ఊరుకుంటుంది.

యాప్ వాడొద్దు అనను. ఆ పని చేసి వచ్చినవాణ్ణే నేను. కానీ 2010లో పీడియాట్రిక్స్ అనే జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మందుల షాపులు కంప్యూటర్‌తో చేసిన స్పానిష్ లేబుళ్లలో దాదాపు సగం తప్పులే. ఇంగ్లిష్ "వన్స్" స్పెల్లింగ్ అలాగే ఉండిపోతే స్పానిష్ చదివేవాళ్లకి అది "ఒన్సె". ఒన్సె అంటే పదకొండు. రోజుకి ఒకసారి వేసుకోవాల్సింది పదకొండు సార్లు!

అందుకే జబ్బు పేరు చెప్పొద్దు, జరుగుతున్నది చెప్పండి. ఒక పక్కా, రెండు పక్కలా? ఎన్నాళ్ల నుంచి? నీళ్లలా ఉందా, చిక్కగా ఉందా, ఏ రంగు? వాసన తెలుస్తోందా? "వాసన రావట్లేదు" అనకండి, అది వస్తువుదా, ముక్కుదా అర్థం కాదు. "నాకు వాసన తెలియట్లేదు" అనండి. "వేడి చేసింది" అన్నా అంతే. జ్వరమా, రక్తం వచ్చిందా, విడిగా చెప్పండి. ఇప్పటికే ఏ చుక్కలు, ఎన్ని రోజులుగా వాడుతున్నారో సీసా చూపించి మరీ చెప్పండి. ఇదంతా తెలుగులోనే చెప్పొచ్చు. సూరత్‌లోనో చెన్నైలోనో పనికి వెళ్లిన మనవాళ్లయితే ఈ ముక్కలే విడి విడిగా యాప్‌లో కొట్టండి, చిన్న వాక్యాలు దాదాపు సరిగ్గానే మారతాయి.

మామ్మని ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాం. సీసా చూడగానే ఆయనకి సగం కథ అర్థమైంది. చుక్కలు మెల్లగా మాన్పించి, స్ప్రే రాశారు. ఆవిడ ఇప్పటికీ దాన్ని ముక్కు మందే అంటుంది. అందుకే సీసా మీద మార్కర్‌తో "రోజూ, ఒకసారి" అని తెలుగులో రాసిపెట్టాను.

మీ ఇంట్లో ముక్కు బాధలకి వాడే మాటలు ఏమున్నాయో, ఏ ఊరో కలిపి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్ చెవి మీద. ఉంటా మరి, జాగ్రత్త.