సినిమా విశేషాల పుస్తకము – అనుమతి సమస్య



మన సంఘ సభ్యులొకరు పాత తెలుగు చిత్రాలను గూర్చి ప్రశ్నలు, జవాబులు కూర్చి పుస్తకముగా అచ్చు వేయింప సంకల్పించినారు. తెలుగు నేలకు దూరముగా పెరుగుచున్న మన పిల్లలు ఆ మిషతోనైనను నాలుగు తెలుగు మాటలు నేర్తురని వారి ఆశ. వ్రాతప్రతి సిద్ధమైన పిమ్మట, ఎవరి అనుమతియైనను పొందవలెనా అను సందేహము కలిగినది. "అందరికీ తెలిసిన సంగతులే గదా, అక్కరలేదు" అని కొందరు మిత్రులన్నారు. "కోర్టుల పాలగుదురు, ఆ జోలికే పోవద్దు" అని మరికొందరన్నారు. ఈ రెండు సలహాలును సరియైనవి కావని నా మనవి.

1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తీర్పు చెప్పినది. తమ నాటకమును 'న్యూ ఢిల్లీ' అను హిందీ చిత్రము అనుకరించినదని ఒక నాటకకర్త వేసిన దావా అది. భావమునకు, ఇతివృత్తమునకు, చారిత్రక విషయమునకు కాపీరైటు లేదనియు, వానిని వ్యక్తము చేసిన తీరునకే కలదనియు న్యాయస్థానము నిర్ణయించినది. కావున 'గుండమ్మ కథ' 1962లో విడుదలైనదని, దర్శకులు కమలాకర కామేశ్వరరావుగారని, గుండమ్మ పాత్రధారిణి సూర్యకాంతముగారని వ్రాయుటకు ఎవరినీ అడుగ నక్కరలేదు. అవి జరిగిన సంగతులు.

కాని, గుండమ్మ ఫలానా ఘట్టమున ఏమన్నదని అడుగుట వేరు. అది లోకములో జరిగినది కాదు, రచయిత కల్పించినది. అమెరికాలో 'సైన్‌ఫెల్డ్' అను టెలివిజన్ ధారావాహికపై 643 ప్రశ్నలతో ఒక పుస్తకము వెలువడగా, అందలి 'సంగతులు' నిజముగా కర్తల కల్పనలే యని, ఆ పుస్తకము వారి హక్కును భంగపరచినదని 1998లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు మన కోర్టులను బంధింపదు. అయినను అందలి వివేకము గ్రహింపదగినది.

పాత చిత్రమే గదా, గడువు తీరినదనుకొందుమా? మన 1957 చట్టము ప్రకారము చలనచిత్రమునకు హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరాదినుండి అరువది ఏండ్లు. ఆ లెక్కన 'గుండమ్మ కథ' చిత్రమునకు 2022తో గడువు ముగిసినది. కాని సాహిత్యమునకు రచయిత మరణానంతరము అరువది ఏండ్లు గలవు. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో కీర్తిశేషులైనారు. వాని హక్కు 2031 చివరివరకు నిలుచును. మాటలు వ్రాసిన డి.వి. నరసరాజుగారు 2006లో దివంగతులైనారు. వానికి 2066 వరకు గడువు గలదు. బొమ్మకు గడువు తీరినను మాటకు తీరలేదు.

విమర్శ కొరకు, సమీక్ష కొరకు కొంత భాగము ఉదాహరించుటకు 52వ సెక్షను అవకాశమిచ్చుచున్నది. ఇన్ని పంక్తులని లెక్క మాత్రము చట్టములో లేదు. పాటను గూర్చి చర్చించుచు ఒక పాదము చూపుట వేరు, పుటలు నింపుటకు పాటలే అచ్చు వేయుట వేరు. ఇక అట్టపై 'అనధికార గ్రంథము' అని వేసినచో పాఠకుడు భ్రమపడడు గాని, ఆ మాట అనుమతికి బదులు కానేరదు.

కావున వ్రాతప్రతిని మూడు కట్టలుగా విడదీయవలెనని మా మిత్రునికి చెప్పితిని. తేదీలు, పేర్లు, నిర్మాణ విశేషాలు మొదటి కట్ట. అది నిర్భయముగా అచ్చుకు పోవచ్చును. సంభాషణలపై, కథపై ప్రశ్నలు రెండవ కట్ట. వానిని తగ్గించి, చర్చకు అవసరమైనంతవరకే ఉంచవలెను. పూర్తి పాటలు, స్టిల్ ఫొటోలు, పోస్టర్లు మూడవ కట్ట. హక్కుదారు నిర్మాతయో, రచయిత వారసులో విచారించి, లిఖితపూర్వకముగా అనుమతి పొందిన పిమ్మటనే చేర్చవలెను. జవాబు రాకుండుట సమ్మతి కాదు.

ఈ పని వలన పుస్తకము కొంత చిక్కిపోవును, ఆరు నెలలు ఆలస్యమును కావచ్చును. కాని మన పిల్లలకు తెలుగు మాటపై ప్రేమ నేర్పదలచిన పుస్తకము, ఆ మాట వ్రాసినవాని సొత్తును అడుగక తీసికొన్నది కారాదు గదా. మా మిత్రుడు మొదటి ఉత్తరము వ్రాసినాడు. జవాబు కొరకు మనమందరము ఎదురుచూతము. సెలవు.