మనుమల ముందు పళ్ళు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కట్టుడు పళ్ళ గురించి చెబుతానని కొందరు అనుకొని ఉంటారు. కాని మాట్లాడదలచింది మన మనుమల పళ్ళ గురించి. కొడుకులు, కోడళ్ళు డ్యూటీలకు పోతే పరకాలలో పిల్లలు మన దగ్గరే ఉంటారు. పిల్లవాడు పడితే ముందు చూసేది మనమే.

పై ముందు పళ్ళు ఏడెనిమిదేళ్ళకు వస్తాయి. పన్ను బయటికి కనిపించినా లోపల వేరు ఇంకో మూడేళ్ళు పెరుగుతుంది. అంతవరకు దాని కొస గరాటులా తెరుచుకొనే ఉంటుంది. ఈలోగా దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోతే వేరు అక్కడే ఆగిపోతుంది, గోడలు పలుచగా మిగులుతాయి. పెద్దలకు చేసినట్టే రూట్ కెనాల్ చేస్తే నింపిన పదార్థం కొసన ఆగదు. నరం బతికి ఉంటే మాత్రం దాన్ని కాపాడి వేరును పెరగనివ్వడమే మేలు.

1960 దశకంలో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, కొసన గట్టి పొర కట్టేదాకా ఆగే పద్ధతి వచ్చింది. దానికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పడుతుంది. పరీక్షలని, బస్సు ఛార్జీలని మధ్యలో మానేసేవారుంటారు. పైగా ఆ మందు చాలాకాలం ఉంటే వేరు పెళుసవుతుందని 2002లో ఆండ్రియాసెన్ బృందం గొర్రె పళ్ళపై పరీక్షించి చూపింది.

1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి తొరాబినెజాద్ బృందం ఎం.టి.ఎ. అనే పదార్థాన్ని పరిచయం చేసింది. అది మన ఇళ్ళు కట్టే సిమెంటుకు దగ్గరి చుట్టమే. తడిలోనే గట్టిపడుతుంది కనుక ఒకటి రెండు సార్లలోనే కొస మూతపడుతుంది. ఖర్చు ఎక్కువే, కాని తిరుగుడు తక్కువ. అయితే వేరు గోడలను అది మందం చేయదు. 2001 తర్వాత, వేరు లోపలికి రక్తం రప్పించి మళ్ళీ పెరిగేలా చేసే పద్ధతి కూడా వచ్చింది. అన్నిసార్లూ ఫలించదు.

"పీకించేస్తే పోలా" అనకండి. దవడ ఎదుగుదల ఆగేదాకా, అంటే సుమారు పద్దెనిమిదేళ్ళు దాటేదాకా, ఇంప్లాంట్ పెట్టరు.

పన్ను ఊడి పడితే వేరును ముట్టకుండా పై భాగం పట్టుకొని, నీళ్ళతో తేలికగా కడిగి, అదే చోట పెట్టండి. కుదరకపోతే పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరికి చేరండి. పాల పన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. దెబ్బ తగిలిన పన్ను రంగు మారినా, చిగురుపై పొక్కు లేచినా, నొప్పి లేదని ఊరుకోక ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్నలుంటే టీ తర్వాత అడగవచ్చు.