మాత్ర వేసుకున్న తరువాత

(ప్రసంగ పాఠం)



బెంగళూరులోని ఒక తెలుగు ఇంటిని మనసులో ఊహించుకోవచ్చు. చిత్తూరు వైపు నుండి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఇరవై ఎనిమిదేళ్ల కుమారుడు చిక్కపేటలో బట్టల అంగడిలో లెక్కలు వ్రాసేవాడు. కొన్నేళ్ల క్రితం ఎవరికీ వినపడని గొంతులు అతనికి వినపడసాగాయి. పక్కింటివారు తనపై ఏదో పన్నాగం పన్నుతున్నారన్న నమ్మకం బలపడింది. మొదట తాయెత్తు, ఆ తరువాత మొక్కుబడి, ఆఖరున ఆసుపత్రి. వైద్యులు స్కిజోఫ్రీనియా అని నిర్ధారించి మందులు ఇచ్చారు. కొన్ని నెలలలో గొంతులు అణిగిపోయాయి. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకున్నారు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. అతడు మంచం దిగడు. బంధువులు వస్తే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. "నాయనా, అంగడికి పోయి రెండు పాల పాకెట్లు తెచ్చిపెట్టు" అని తల్లి అడిగితే తల ఊపుతాడు గాని లేవడు. "రోగం పోయిందని డాక్టరే చెప్పినాడు. ఇంక మిగిలింది సోంబేరితనమే" అంటాడు తండ్రి.

ఆ తండ్రి ప్రేమ లేనివాడు కాడు. కాని ఆ మాట తప్పు. ఎందుకు తప్పో తెలిస్తే ఇంటిలో సగం పోరు తగ్గుతుంది.

ఈ వ్యాధికి 1908లో పేరు పెట్టినవాడు యూజెన్ బ్లాయిలర్ అనే స్విట్జర్లాండు వైద్యుడు. మనసులోని ఆలోచన, భావము, ప్రవర్తన ఒకదానినుండి ఒకటి విడిపోవడం అన్నది ఆయన ఉద్దేశం. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం కాదు; ఆ అపోహను ప్రచారం చేసిన ఘనత ఎక్కువగా సినిమాలదే. వ్యాధి లక్షణాలలో కొన్ని కొత్తగా వచ్చి చేరేవి: లేని గొంతులు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం వంటివి. మరికొన్ని ఉన్నది పోవడం: ఉత్సాహం పోవడం, ముఖంలో భావం పోవడం, మాట పోవడం, నలుగురిలో కలవాలన్న కోరిక పోవడం. మందులు మొదటివాటిపై బాగా పనిచేస్తాయి. రెండవవాటిపై వాటి ప్రభావం స్వల్పం. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఒక పనిని వరుసగా పేర్చుకొనే శక్తి కూడ ఈ వ్యాధిలో దెబ్బతింటాయి. కనుక ఆ కుమారుడు లేవకపోవడం వ్యాధిలో మిగిలి ఉన్న భాగమే. దానికి వేరే చికిత్స ఉన్నది. అది సీసాలో దొరకదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. మందులు మానివేసి ఈ చికిత్సలను ఆశ్రయించవచ్చునని ఎవరూ భావించరాదు. ఇవి మందుకు తోడుగా నిలిచేవి. మందు మానితే గొంతులు తిరిగి రావడం చాలమంది విషయంలో జరిగేదే. మందు వల్ల ఒళ్లు బరువెక్కుతున్నా, మగతగా ఉన్నా, ఆ సంగతి వైద్యునికి చెప్పి మోతాదు మార్పించుకోవాలి.

ఈ చికిత్సలలో అన్నింటికంటె సులభంగా అర్థమయ్యేది సామాజిక నైపుణ్య శిక్షణ. పాల పాకెట్ల సంగతినే తీసుకుంటే, ఆరోగ్యవంతునికి అది ఒకే పని. ఈ వ్యాధి ఉన్నవానికి అది పది పనులు. చెప్పులు వేసుకోవాలి, వీధిలో ఎదురైనవారి చూపులను తట్టుకోవాలి, అంగడివాని ముఖంలోకి చూడాలి, వినపడేటట్లు అడగాలి, అతడు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పాలి, చిల్లర లెక్క చూసుకోవాలి. శిక్షణలో ఈ పనిని ముక్కలు చేస్తారు. శిక్షకుడు అంగడివాడై కూర్చుంటాడు. తోటి రోగులు చూస్తుంటారు. ఒకరు చేసి చూపుతారు, తరువాత ఇతడు చేస్తాడు. బాగున్న అంశాన్ని ముందు చెప్పి, ఆ తరువాత ఒకే ఒక మార్పు సూచిస్తారు. మళ్లీ చేయిస్తారు. వారం లోపల నిజమైన అంగడికి ఒకసారి వెళ్లి రావడం ఇంటి పని. బయటివారికి ఇది పిల్లల ఆటలా తోచవచ్చు. ఆ గదిలో కూర్చున్నవానికి మాత్రం ఇది కొండ ఎక్కడమే.

వలస కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రశ్న ఎదురవుతుంది: శిక్షణ ఏ భాషలో? ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియావో. దిగులును, భయాన్ని చెప్పుకోవడానికి తల్లిభాష కావాలి. బస్సులో టికెట్టు అడగటానికి ఊరి భాష కావాలి. కనుక వివరణ తెలుగులో, అభ్యాసం వీధి భాషలో జరగడం మేలు. తెలుగు తెలిసిన సామాజిక కార్యకర్త గాని, మనస్తత్వ నిపుణుడు గాని ఉన్నారా అని మొదటి రోజుననే ఆసుపత్రిలో అడగటానికి సంకోచించనక్కరలేదు. అడగనివారికి ఎవరూ తమంతట తాముగా చూపరు.

ఎదుటివారి ముఖాన్ని చదవడం మరొక కష్టం. మామూలుగా ఉన్న ముఖాన్ని కోపంగా ఉన్న ముఖంగా పొరబడటం ఈ వ్యాధిలో తరచుగా కనిపిస్తుంది. అత్తగారు ఊరకే చూసినా కసిరినట్లు తోస్తుంది. ముఖచిత్రాలు, చిన్న చిన్న దృశ్యాలు చూపి, భావాన్ని గుర్తించడం నేర్పే పద్ధతులు ఉన్నాయి. జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు కసరత్తు వంటి అభ్యాసాలు కూడ ఉన్నాయి. అయితే అవి ఒంటరిగా కంటె, ఉద్యోగ శిక్షణ వంటి నిజమైన పనితో జతపడినప్పుడు ఎక్కువ ఫలితం ఇస్తాయి. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆటలు ఆడించి పంపివేస్తే ఒరిగేది తక్కువ.

యోగాభ్యాసం విషయంలో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థలోనే పరిశోధన జరిగింది. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మందులు వాడుతున్న 61 మందిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి యోగాసనాలు, మరొక బృందానికి మామూలు వ్యాయామం నేర్పారు. నాలుగు నెలల తరువాత యోగా బృందంలో సామాజిక జీవనం, పనిచేసే శక్తి మరింత మెరుగుపడినట్లు తేలింది. 61 మంది అంటే పెద్ద సంఖ్య కాదు. దీనిని సర్వరోగ నివారిణిగా చాటనక్కరలేదు. ఖర్చు లేనిది, తెలిసినవారి పర్యవేక్షణలో మొదలుపెట్టదగినది అన్నంత వరకు నిజం.

కుటుంబం సంగతి కొంత విపులంగా చెప్పుకోవలసి ఉన్నది. 1950వ దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. రోగిని బంధించి వదిలిపోయే ఆ కాలంలో అది సాహసమే. అటు లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన తరువాతివారు చేసిన పరిశోధనలు ఒక సంగతిని బయటపెట్టాయి: ఎడతెగని విమర్శ, ద్వేషం, ఊపిరాడనివ్వని అతిశ్రద్ధ ఉన్న ఇళ్లలో వ్యాధి త్వరగా తిరగబెడుతుంది. అటువంటి ఇంటిలో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. 1980వ దశకంలో చండీగఢ్‌లో ఇదే పరిశీలన చేస్తే, లండన్ ఇళ్లతో పోల్చినప్పుడు మన ఇళ్లలో ఈ తీవ్రత చాల తక్కువగా కనిపించింది. సంతోషించదగినదే. కాని ఒకే పడకగది ఉన్న అద్దె ఇంటిలో, పెద్దమ్మలు పిన్నమ్మలు దగ్గర లేని నగరంలో, తల్లీ కొడుకూ రోజంతా ఎదురెదురుగా ఉంటే ఆ 35 గంటలు మూడు రోజులకే నిండుతాయి. పగటి సంరక్షణ కేంద్రానికి వెళ్లడం కుమారునికి ఎంత అవసరమో, ఆ కొద్ది గంటల విరామం తల్లికి అంతే అవసరం. ఆమె దానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ఆ తండ్రికి నేర్పేవి కూడ చిన్న సంగతులే. "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు" అనడానికి బదులు "ఈ రోజు పదింటికి నాతో టీకి వస్తావా" అని అడగడం. ఒకసారికి ఒకే పని చెప్పడం. చేసిన పనిని గమనించానని చెప్పడం.

దక్షిణాదిలో ఈ పనికి పునాదులు ఉన్నాయి. 1984లో డాక్టర్ శారదా మీనన్ చెన్నైలో స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. తెలుగు, కన్నడ భాషలు కలగలిసిన బళ్లారి జిల్లాలో 1985లో నిమ్హాన్స్ ఆరంభించిన ప్రయోగమే దేశమంతటా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. గోవా, సాతారా, కాంచీపురం ప్రాంతాలలో 282 మంది రోగులతో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు కొందరి ఇళ్లకు వెళ్లి సహాయపడ్డారు. ఏడాది తరువాత, ఆసుపత్రి సేవ మాత్రమే పొందినవారికంటె వీరిలో వైకల్యం కొంత తగ్గింది. కొంత మాత్రమే. ఆ కొంతలోనే ఒకరు స్నానం తమంతట తాము చేయడం, మరొకరు పనికి వెళ్లడం వంటివి ఉంటాయి.

ఉద్యోగం విషయంలో పాత పద్ధతి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, ఆ తరువాత పని వెదకడం. కొత్త పద్ధతి ముందు మామూలు ఉద్యోగంలో చేర్చి, పక్కన ఒక సహాయకుడు నిలబడటం. రెండవదే ఎక్కువమందిని ఉద్యోగంలో నిలుపుతున్నదని అనేక దేశాల అనుభవం. చిక్కపేట అంగడి యజమాని రోజుకు మూడు గంటల పనికి ఒప్పుకుంటే అది మంచి ఆరంభం.

చట్టం కూడ కొంత తోడున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని అనే నాలుగు అంశాలను చూసి వైకల్యాన్ని అంచనా వేస్తారు. 40 శాతం, ఆపైన ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారికి పలు సౌకర్యాలు ఉన్నాయి. ఆ పరీక్ష రోజున, పరువు పోతుందని "అన్నీ చేసుకుంటాడండీ" అనే తల్లిదండ్రులు ఉన్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. దారి తోచనప్పుడు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవలో తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

చివరగా, తల్లిదండ్రులు పైకి అనలేక లోలోపల అనుకొనే ప్రశ్న: మా తరువాత వీడికి ఎవరు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వ్యాధి ఉన్న వ్యక్తి తన తరఫున మాట్లాడవలసిన ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చు. తెల్ల కాగితంపై వ్రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి రక్తసంబంధీకుడే కానక్కరలేదు. పిన్ని కావచ్చు, మేనమామ కావచ్చు, పగటి కేంద్రంలో కలిసిన స్నేహితుడు కావచ్చు. ఆ పేరు తల్లిదండ్రులు నిర్ణయించి వ్రాయించేది కాదు. అతడు నెమ్మదిగా ఉన్న ఒక సాయంత్రం పక్కన కూర్చొని అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి.